కలిసే ఉంటున్నారుగా, ఇంక పెళ్లెందుకు?

మా తమ్ముడు గే, ఇంకో అబ్బాయితో కలిసి ఉంటున్నాడు. ఆ విషయం తెలిసిన బంధువుల్లో కాస్త మనసున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది. తిట్టేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల కోసం ఈ వ్యాసం మొదలుపెట్టలేదు. అడిగేవాళ్లు ప్రేమగానే అడుగుతారు. "కోర్టు అది నేరం కాదని చెప్పేసింది కదమ్మా. పోలీసుల గొడవ లేదు. ఇద్దరూ సంపాదించుకుంటున్నారు, చెన్నై వేళచ్చేరిలో చక్కగా ఇల్లు తీసుకుని ఉంటున్నారు. ఎవరూ ఏమీ అనట్లేదు. మళ్లీ పెళ్లి, రిజిస్ట్రేషను, ప్రభుత్వం ఒప్పుకోవడం, ఇవన్నీ అవసరమా?" అంటుంది మా నెల్లూరు పిన్ని.

అవసరమే పిన్నీ. స్వలింగ జంటల పెళ్లిని ప్రభుత్వం చట్టం చేసి గుర్తించాలి. జనం మనసు మారేదాకా ఆగుదాం అనడం సరికాదు. ఢిల్లీ కదలకపోతే చెన్నై అయినా కదలాలి. ఇలా ఎందుకంటున్నానో నాకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను.

నేను చెన్నైలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. చాలాకాలం నా టేబుల్ మీదికి వచ్చిన కాగితాలు చనిపోయినవాళ్ల ఖాతాలవి. డెత్ క్లెయిమ్‌లు అంటాం. ఆ సీటులో కూర్చున్నవాళ్లకి ప్రభుత్వం దృష్టిలో పెళ్లి అంటే ఏంటో బాగా అర్థమవుతుంది. భర్త పోయిన ఆవిడ వస్తుంది. డెత్ సర్టిఫికెట్, తాలూకా ఆఫీసు ఇచ్చిన వారసుల సర్టిఫికెట్, ఆధార్ తెస్తుంది. పని జరిగిపోతుంది. వాళ్లిద్దరూ బాగున్నారా, కొట్టుకున్నారా, పదేళ్లుగా మాట్లాడుకోవట్లేదా అని మేము అడగం. అడిగే హక్కు మాకు లేదు. ఆవిడ భార్య, అంతే. ఆ ఒక్క మాట వెనకాల వారసత్వ చట్టం, పెన్షన్ రూల్సు, పన్ను చట్టం, ఆసుపత్రి ఫారాలు అన్నీ వరసగా నిలబడి ఉంటాయి.

ఒకసారి ఒకావిడ వచ్చారు. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. టీచరుగా రిటైరయ్యారు. చనిపోయినావిడ కూడా టీచరే. ఒకే ఇంట్లో జీవితమంతా గడిపారు. వాళ్ల మధ్య ఏముందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే తెలిసింది. చనిపోయినావిడ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. నామినీ లేదు, విల్లు లేదు. పెళ్లీ పిల్లలూ లేని హిందూ స్త్రీ విల్లు రాయకుండా పోతే 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి తల్లిదండ్రులకు వెళ్తుంది, వాళ్లు లేకపోతే తండ్రి తరఫు వారసులకు. అలా ఏళ్ల తరబడి ముఖం చూపించని అన్న కొడుకులు వచ్చి తీసుకెళ్లారు. చట్టప్రకారం వాళ్లది తప్పేమీ లేదు, నాదీ తప్పు లేదు. సంతకాలు పెట్టి పంపాను. ఆ టీచరమ్మ పేరు ఆ చట్టంలో ఎక్కడా, ఏ వరసలోనూ రాదు. అన్నల మనవలు కూడా వస్తారు గానీ ఆవిడ రాదు.

నామినీ ఉంటే సరిపోయేదిగా అంటారు. సగమే నిజం. నామినీకి డబ్బు ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, అంతవరకే. ఆ డబ్బు వారసులది, నామినీ చేతిలో ఉంటుంది. వారసులు కోర్టుకెళితే నామినీ కక్కాల్సిందే. ఇది చాలామంది చదువుకున్నవాళ్లకి కూడా తెలియదు. సరే, విల్లు రాసుకోవచ్చు. రాసుకోమనే అందరికీ చెబుతాను. కానీ విల్లును సవాలు చేయడానికి ఎవరో ఒక మేనల్లుడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. పైగా విల్లు పనిచేసేది ఆస్తికి, అదీ చనిపోయాకే. బతికుండగా వచ్చే అవసరాలకి దాంతో పనిలేదు.

కిడ్నీ సంగతే తీసుకోండి. అవయవ మార్పిడిలో పేరున్న ఊరు మనది, ఎక్కడెక్కడి నుంచో ఆపరేషన్లకి వస్తారు. 1994 చట్టం ప్రకారం భార్యాభర్తలు ఒకరికొకరు దగ్గరి బంధువుల కింద అవయవం ఇవ్వచ్చు. పాతికేళ్లు కలిసి బతికిన ఇద్దరు మగవాళ్లలో ఒకరు రెండోవాళ్లకి కిడ్నీ ఇవ్వాలంటే బయటివాళ్ల లెక్క. డబ్బుకి అమ్ముకోవట్లేదని ఆథరైజేషన్ కమిటీ ముందు నిరూపించుకోవాలి. పన్ను చూడండి. భర్త భార్యకి ఎంత ఇచ్చినా అది పన్ను లేని గిఫ్టు. మా తమ్ముడు తన మనిషికి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఇస్తే అది తీసుకున్నవాళ్ల ఆదాయం. దత్తత తీసుకుందామన్నా ఇద్దరూ కలిసి తీసుకోలేరు. ఒకరు ఒంటరి మనిషిగా తీసుకోవాలి, ఒంటరి మగవాడైతే ఆడపిల్లని ఇవ్వరు. ఆ బిడ్డని పెంచే రెండో మనిషికి ఆ బిడ్డతో చట్టం దృష్టిలో ఏ సంబంధమూ ఉండదు.

విడిపోవడం గురించి ఎవరూ మాట్లాడరు. పెళ్లి చట్టంలో నిజమైన బలం అక్కడే ఉంది. ఇద్దరిలో ఒకరు రెండోవాళ్ల ట్రాన్స్‌ఫర్ కోసం ఉద్యోగం మానేసి, ఇల్లు చూసుకుని, అత్తమామలకి సేవ చేసి, తర్వాత ఒకరోజు బయటికి పొమ్మంటే? భార్యకైతే భరణం ఉంది, ఆ ఇంట్లో ఉండే హక్కుంది, గృహహింస చట్టం ఉంది. స్వలింగ జంటలో ఆ బలహీనమైన మనిషికి ఏముంది? కట్టుబట్టలతో రోడ్డు మీదికి రావడమే. చట్టానికి ప్రేమతో పనిలేదు. ప్రేమ పోయినప్పుడు, ప్రాణం పోయినప్పుడు, నోట మాట రానప్పుడు అది పనికొస్తుంది. "బాగానే ఉన్నారుగా" అనేవాళ్లకి నా జవాబు ఇదే. బాగున్నన్నాళ్లూ ఎవరికీ ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

మా తమ్ముడికి అపెండిక్స్ పగిలి అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు అతన్ని ఎత్తుకుని కారెక్కించింది, అడ్వాన్సు కట్టింది, ఏ మందు పడదో డాక్టరుకి చెప్పింది అతనితో ఉండే అబ్బాయే. ఆపరేషన్ కాగితం మీద సంతకానికి మాత్రం "రక్తసంబంధీకులు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. నేను పెరంబూరు నుంచి వెళ్లాలి. దారిలో అతను నాకు ఫోన్ చేసి, "అక్కా, మెల్లగానే రండి, కంగారు పడకండి" అని తమిళంలో చెబుతున్నాడు. గొంతు వణుకుతోంది. నిజానికి చెప్పాలంటే ఆపరేషన్‌కి అలా రక్తసంబంధీకుల సంతకమే కావాలని పట్టుబట్టడానికి వాళ్లకి బలమైన ఆధారమేమీ లేదు. కానీ ఆ వేళప్పుడు డ్యూటీలో ఉన్న పిల్లకి చట్టం తెలియదు, రేపు ఎవరైనా గొడవచేస్తే అని టెన్షన్. పెళ్లి సర్టిఫికెట్ ఉంటే ఆ పిల్లకీ భయం ఉండేది కాదు. ఆసుపత్రి మీద నాకు కోపం లేదు. ఆ భయాన్ని అలాగే ఉంచిన చట్టం మీద ఉంది.

ఇక కోర్టు సంగతి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ని, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల వరకూ, కొట్టేసింది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూస్తూ 1860లో ఇంగ్లీషువాళ్లు రాసిన సెక్షన్ అది. ఆ తర్వాత సహజంగానే పెళ్లి ప్రశ్న వచ్చింది. అడిగినవాళ్లలో మొదటి పేర్లు మన హైదరాబాద్ జంటవే, సుప్రియో, అభయ్. 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకుని, మతంతో సంబంధం లేకుండా పెళ్లి రిజిస్టర్ చేసే ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లిని గుర్తించమన్నారు. అయిదుగురు జడ్జీలు వేసవిలో పదిరోజులు విని 2023 అక్టోబరు 17న తీర్పు చెప్పారు. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు, చట్టం ఇచ్చే హక్కు అని అయిదుగురూ అన్నారు. చట్టాన్ని తిరగరాయడం మా పని కాదు, పార్లమెంటుది, అసెంబ్లీలది అన్నారు. పెళ్లి కాకపోయినా ఏదో ఒక రకమైన గుర్తింపు ఇవ్వాలన్న చోట మాత్రం ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు అయ్యారు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఇవ్వాలన్నారు. జస్టిస్ భట్, జస్టిస్ హిమా కోహ్లీ, మన తెలుగువారే అయిన జస్టిస్ నరసింహ కుదరదన్నారు. రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు.

ఈ తీర్పు నన్ను బాధపెట్టింది. అయినా అందులో ఒక మాటని నేను గట్టిగా పట్టుకుంటున్నాను. ఇది శాసనసభల పని అన్నారు కదా. సరే, మరి చేయండి. ప్రత్యేక వివాహ చట్టంలో వయసు నిబంధన దగ్గర నుంచి విడాకుల కారణాల దాకా మగవాడు, స్త్రీ, భర్త, భార్య అని విడివిడిగా రాసి ఉంది. కోర్టు ఒక్క పదం మార్చినా మిగతావి అతకవన్న వాదనలో కొంత పస ఉంది. ఆ అతకడం కోసమే శాసనసభ ఉంది, అందులో లా సెక్రటరీలు ఉన్నారు, డ్రాఫ్టింగ్ విభాగాలు ఉన్నాయి. లోక్‌సభలో 2022లోనే ఎంపీ సుప్రియా సూలే ఈ సవరణల కోసం ప్రైవేటు బిల్లు (ప్రభుత్వం కాకుండా సభ్యులే సొంతంగా పెట్టేది) పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది.

కోర్టుకి మాట ఇచ్చినట్టుగా కేంద్రం ఒక కమిటీ వేసింది. 2024 ఆగస్టులో కొన్ని ఉత్తర్వులు వచ్చాయి. క్వీర్ జంటలు, అంటే స్వలింగ, ట్రాన్స్ జంటల్లాంటివాళ్లు, జాయింట్ అకౌంట్ తెరవడానికి అడ్డేమీ లేదని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని చెప్పారు. రేషన్ కార్డుకి ఒకే కుటుంబంగా లెక్కించమన్నారు. దగ్గరి బంధువులు లేనప్పుడు శవాన్ని తీసుకెళ్లడానికి తోడున్న మనిషికి ఇవ్వమన్నారు. మంచివే, కాదనను. కానీ బ్యాంకు ఉద్యోగిగా చెబుతున్నాను, జాయింట్ అకౌంట్ ఎవరైనా ఎవరితోనైనా ఎప్పుడూ తెరవచ్చు. ఇద్దరు వ్యాపార భాగస్వాములు తెరుస్తారు, అత్తాకోడళ్లు తెరుస్తారు. కొత్తగా ఇచ్చిందేమీ లేదు, ఉన్నదాన్ని గుర్తుచేశారు. ఒక సర్క్యులర్ ఇచ్చింది ఇంకో సర్క్యులర్ తీసేసుకోగలదు. బంధువులు లేనప్పుడు మాత్రమే శవాన్ని ఇస్తామనడంలోనే వీళ్లు ఎవరికీ ఏమీ కారన్న నమ్మకం అలాగే ఉంది.

"సమాజం ఇంకా సిద్ధంగా లేదు" అనే మాట దగ్గరికి వస్తాను. ఇది అన్నప్పుడల్లా నాకు రాజమండ్రి గుర్తొస్తుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు సిద్ధంగా ఉందా? ఊరు వెలివేసింది. పైడా రామకృష్ణయ్యగారు డబ్బిచ్చి, విద్యార్థులు అండగా నిలబడితే తప్ప ఆ పెళ్లి జరిగేది కాదు. కానీ మనం మర్చిపోయేది ఇంకొకటి ఉంది. పంతులుగారికి ఊరు తోడు లేదు గానీ చట్టం తోడుంది. వితంతువు పెళ్లి చెల్లుతుందనీ, ఆమె పిల్లలు అక్రమ సంతానం కారనీ 1856లోనే చట్టం వచ్చింది. అంటే చట్టం వచ్చిన పాతికేళ్లకి గోదావరి ఒడ్డున మొదటి పెళ్లి. అప్పటి దొరలు తెలుగువాళ్లు సిద్ధమయ్యేదాకా చట్టం ఆపి ఉంటే, ఆ ధైర్యవంతులైన పిల్లలు పెళ్లి చేసుకున్నా అది చెల్లని పెళ్లే అయ్యేది. ఈరోజు మన ఇళ్లల్లో భర్త పోయిన అమ్మాయికి మళ్లీ సంబంధం చూడటం మామూలు విషయం. సంబంధాలు చూసే పెద్దవాళ్లలో ఎంతమంది తాతముత్తాతలు పంతులుగారిని వెలివేసిన పక్షాన ఉన్నారో ఎవరికి తెలుసు!

మనదాకా వచ్చిన ఇంకో సంగతి, ఆడపిల్లకి ఆస్తిలో వాటా. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ వరకూ సవరించింది. అప్పుడు మా నాన్నగారి తరఫున ఎంత రభస జరిగిందో అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కుటుంబాలు కూలిపోతాయన్నారు, అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలుండవన్నారు. 1989లో కరుణానిధి ప్రభుత్వం ఇక్కడ అదే పని చేసింది. తర్వాత కర్ణాటక, మహారాష్ట్ర. కేంద్రం మాత్రం 2005లో గానీ కదల్లేదు. దాదాపు ఇరవై ఏళ్లు రాష్ట్రాలు ముందు నడిచాయి, దేశం వెనక వచ్చింది.

పెళ్లి విషయంలోనే చెన్నైకి ఇంతకంటే పెద్ద చరిత్ర ఉంది, ఇక్కడున్న మన తెలుగువాళ్లకి కూడా సరిగా తెలియదు. పెరియార్ ఉద్యమంలో 1920ల చివర నుంచి వేలమంది పురోహితుడు లేకుండా, మంత్రాలు లేకుండా ఆత్మగౌరవ వివాహాలు చేసుకున్నారు. దండలు మార్చుకుని, పెద్దల ముందు ఒకరినొకరు ఒప్పుకున్నామని చెప్పడం, అంతే. 1950ల్లో మద్రాసు హైకోర్టు అలాంటి పెళ్లి హిందూ చట్టం ప్రకారం చెల్లదని చెప్పింది. ఒక్కసారి ఆలోచించండి. భార్యాభర్తలుగా బతికి, పిల్లల్ని కని పెంచినవాళ్లు, కోర్టు లెక్కలో ఏమీ కారు. ఇవాళ మా తమ్ముడు ఎక్కడ ఉన్నాడో వాళ్లు అప్పుడు అక్కడే ఉన్నారు. అన్నాదురై ముఖ్యమంత్రి కాగానే 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఏ అనే సెక్షన్ చేర్చారు. స్నేహితులు, బంధువుల ముందు, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఒప్పుకుని, దండలో ఉంగరాలో మార్చుకున్నా, తాళి కట్టినా పెళ్లి చెల్లుతుంది. అంతేకాదు, అంతకుముందు జరిగిన అలాంటి పెళ్లిళ్లన్నీ మొదటి రోజు నుంచీ చెల్లుతాయని రాశారు. కోర్టు కాదన్నదాన్ని అసెంబ్లీ ఔనంది. జనం ముందు కట్టిన సంసారానికి చట్టం వెనక వచ్చి తోడు నిలిచింది. ఇది చేసిన సభ ఇక్కడే, సెయింట్ జార్జి కోటలో ఉంది. మెరీనా బీచికి వెళ్లినప్పుడల్లా బస్సులోంచి చూస్తూనే ఉంటాం.

కాబట్టి తమిళనాడు మళ్లీ ఆ పని చేయచ్చు అంటాను. వివాహం ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఇద్దరికీ హక్కుంది. కేంద్ర చట్టంతో తేడా వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఢిల్లీలో ఎవరున్నా అది తేలిగ్గా రాదని నాకూ తెలుసు. అయినా బిల్లు పెట్టాలి. సభలో చర్చ జరగాలి, ఎవరు ఎటువైపో రికార్డులోకి ఎక్కాలి. ట్రాన్స్ మనుషుల హక్కుల కోసం డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లు 2015లో రాజ్యసభలో నెగ్గింది. ప్రైవేటు బిల్లు అలా నెగ్గడం దశాబ్దాల తర్వాత అదే మొదటిసారి. ఆ బిల్లు చట్టం కాలేదు, కానీ ఆ తర్వాత ప్రభుత్వం ఊరుకోలేకపోయింది. వివాహం అనే మాటకే భయపడితే కనీసం కుటుంబ బంధంగా రిజిస్టర్ చేసుకునే వీలు కల్పించవచ్చు. 2023 నవంబరులో మద్రాసు హైకోర్టే ఆ దిశగా ఆలోచించమని రాష్ట్ర ప్రభుత్వానికి సూచించింది. నేనైతే పెళ్లే కావాలంటాను. మెట్టు ఎక్కడానికి అదైనా ఉండనివ్వండి.

2023లో కేంద్రం సుప్రీంకోర్టులో వేసిన అఫిడవిట్లో ఇదంతా పట్టణాల్లోని ఉన్నతవర్గాల ఆలోచన అని రాసింది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కడుపు మండింది. మద్రాసు హైకోర్టుకి వెళ్లినవాళ్లు ఎవరు? 2021లో తీర్పు వచ్చిన కేసులో ఇద్దరమ్మాయిలు మదురై నుంచి పారిపోయి చెన్నై వచ్చినవాళ్లు. ఇంకా పాతికేళ్లు కూడా నిండలేదు. తల్లిదండ్రులు కనబడుటలేదని పోలీసు కంప్లయింటు ఇస్తే రక్షణ కోసం కోర్టు మెట్లెక్కారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకీ ఈ విషయం పూర్తిగా అర్థంకాలేదని ఆర్డర్లోనే రాసుకుని, సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ తర్వాత తీర్పు రాశారు. మార్చేస్తామంటూ చేసే బూటకపు వైద్యాన్ని నిషేధించమన్నారు. ఒక జడ్జి అంత బాహాటంగా నేర్చుకోవడం నేనెక్కడా చూడలేదు. 2025 మేలో వచ్చింది వేలూరు వైపు కేసు. పాతికేళ్ల అమ్మాయిని తల్లిదండ్రులు ఇంట్లో బంధించారు. మామూలుగా మారాలని కొట్టారని, ఏవో క్రతువులు చేయించారని ఆమె కోర్టులో చెప్పింది. హైకోర్టు ఆమెని విడిపించింది. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదంది. తూత్తుకుడి గుడిలో పెళ్లి చేసుకున్న అరుణ్‌కుమార్, శ్రీజల పెళ్లిని, వధువు ట్రాన్స్ మహిళ అని రిజిస్ట్రారు ఆపితే, 2019లో మదురై బెంచి రిజిస్టర్ చేసి తీరాలంది. మదురై, వేలూరు, తూత్తుకుడి. వీళ్లలో ఉన్నతవర్గం ఎవరు? డబ్బున్న జంటకి లాయరుంటాడు, ట్రస్టు రాయించుకుంటారు, మరీ అయితే థాయిలాండుకో మరో దేశానికో వెళ్లి పెళ్లి చేసుకుంటారు. ప్రభుత్వం ఇచ్చే ఒక్క కాగితం మీదే ఆధారపడాల్సింది లేనివాళ్లే.

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న విషయం. "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అనేది మన ఇళ్లల్లో మందులాగా వాడే మాట. తాగేవాడికీ అదే, ఉద్యోగం లేనివాడికీ అదే, గే అబ్బాయికీ అదే. మా బంధువుల్లో ఒకబ్బాయికి తెలిసి తెలిసి అలా పెళ్లి చేశారు. అబ్బాయి చెప్పాడు, తల్లి ఏడ్చింది, తండ్రి మాట్లాడటం మానేశాడు, చివరికి అబ్బాయి తలవంచాడు. కట్నం తీసుకున్నారు, జాతకాలు కుదిరాయన్నారు. ఆ అమ్మాయికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల నాకు చెప్పిన మాటలు ఇప్పటికీ నన్ను వదల్లేదు. "నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను వదినా. సన్నబడ్డాను, చీరలు మార్చాను, మొక్కులు మొక్కాను." చివరికి ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకున్నారు. కానీ విడిపోయిన ఆడపిల్ల అన్న పేరు ఆ పిల్లకి మిగిలింది, వాళ్ల నాన్న చేసిన అప్పు మిగిలింది. ఆ అబ్బాయి మనిషి కాకుండా పోయాడు.

సంస్కృతి గురించి మాట్లాడేవాళ్లని నేనొకటి అడుగుతాను. ఒక అబద్ధానికి మూడుముళ్లు వేయడం మన సంస్కృతా? తన మనసుకి నచ్చిన మనిషితో చట్టబద్ధంగా బతికే దారి ఆ అబ్బాయికి ఉండి ఉంటే, "పెళ్లి చేసుకోను" అని చెప్పినప్పుడు తల్లిదండ్రులకి కూడా నలుగురికీ చెప్పుకోవడానికి ఒక మాట దొరికేది. "చట్టం ఒప్పుకుంది, మావాడు రిజిస్టర్ మ్యారేజీ చేసుకున్నాడు" అనగలిగేవాళ్లు. కులాంతర వివాహాలు మన మధ్యతరగతి ఇళ్లల్లో ఇలాగే నిలదొక్కుకున్నాయి. ముందు రిజిస్ట్రారాఫీసు, రెండేళ్లకి మనవడు, తర్వాత రాకపోకలు. స్వలింగ వివాహాన్ని చట్టం ఆపుతున్నందువల్ల నష్టపోతున్నది స్వలింగ జంటలే కాదు. వాళ్లకి అంటగట్టబడ్డ అమ్మాయిలు, అబ్బాయిలు కూడా. వాళ్ల లెక్క ఎవరూ తీయలేదు.

గుడిలో చేయాలా, చర్చిలో చేయాలా అన్నది నా వాదన కాదు. ఏ పురోహితుడినీ ఎవరూ బలవంతం చేయనక్కర్లేదు. ప్రత్యేక వివాహ చట్టం 1954 నుంచీ మతంతో సంబంధం లేకుండానే నడుస్తోంది. పిల్లల మాటకొస్తే, పిల్లలు కనలేరు కాబట్టి పెళ్లి చెల్లదనే నియమం ఏ చట్టంలోనూ లేదు. అరవై ఏళ్లు దాటినవాళ్లు రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే ఎవరూ అడగరు.

ఇంకొక అభ్యంతరం వేరే వైపు నుంచి వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. తమ్ముడి స్నేహితురాలు ఒకమ్మాయి అంటుంది, "ఆడవాళ్లని ఇన్ని తరాలు తొక్కిపెట్టిన పెళ్లి అనే దాంట్లోకి మేమెందుకు దూరాలక్కా? స్నేహితులతో, తోటివాళ్లతో కట్టుకున్న కుటుంబాన్నే గుర్తించమనండి" అని. నిజమే. పెళ్లి వద్దనుకున్నవాళ్లకి కూడా ఆసుపత్రిలో, ఆస్తిలో తమ మనిషిని ఎంచుకునే హక్కు ఉండాలి. అది కూడా అడుగుదాం. కానీ వద్దనే హక్కు కావాలంటే ముందు తలుపు తెరిచి ఉండాలి. పెళ్లి చేసుకోకుండా ఉండటం నాకు ఒక ఎంపిక. నా తమ్ముడికి అది ఎంపిక కాదు, నిషేధం.

మా అమ్మ దగ్గరికి వస్తాను. అమ్మకి డెబ్బై దాటింది. తమ్ముడి విషయం ఒప్పుకుందా అంటే, నోటితో ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆ అబ్బాయిని "వాడి ఫ్రెండు" అనే అంటుంది. కానీ సంక్రాంతికి ఇద్దరికీ పంచెలు తెస్తుంది, అతనికి చేగోడీలు ఇష్టమని విడిగా డబ్బాలో పెడుతుంది. ఈమధ్య వడపళనిలోని తన ఫ్లాటు గురించి మాట్లాడదామని మమ్మల్ని కూర్చోబెట్టింది. తన తర్వాత తమ్ముడికి, తమ్ముడికి ఏమైనా అయితే ఆ అబ్బాయికి దక్కాలంది. "నువ్వు చూసుకుంటావులే, కానీ నీ పిల్లలు, వాళ్ల పిల్లలు ఏమంటారో ఎవరు చెప్పగలరు" అంది నాతో. నేనేమీ నొచ్చుకోలేదు. టేబుల్ మీద అలాంటివి చూసినదాన్నే.

దస్తావేజులు రాసే ఆయన లెక్క చెప్పారు. తమిళనాడులో కుటుంబసభ్యుడికి సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే దస్తావేజు) రాస్తే స్టాంపు డ్యూటీ ఒక శాతం, అదీ ఒక పరిమితి దాటదు. కుటుంబం కానివాళ్లకైతే ఏడు శాతం, పైగా తీసుకున్నవాళ్లకి ఆదాయపు పన్ను. తమ్ముడికి అయితే తేలిక. ఆ అబ్బాయి పేరు కూడా చేర్చాలంటే లక్షల్లో తేడా. విల్లులో రాస్తే పన్ను తప్పుతుంది గానీ దాన్ని ఎవరైనా సవాలు చేయచ్చు. అమ్మ చాలాసేపు విని, "కోడలైతే ఎంత?" అని అడిగింది.

"ముందు మీ అబ్బాయికి రాసేస్తే చాలమ్మా. భార్యకి ఆయన ఎప్పుడు రాసినా ఒక శాతమే, పన్ను ఉండదు. అసలు రాయకపోయినా ఆయన తర్వాత మొదటి వరస వారసురాలు ఆవిడే" అన్నారాయన.

మా శాసనసభ్యుడికి రాసిన ఉత్తరంలో నేను ఈ లెక్కనే పెట్టాను. 1967లో మీ సభ ఇలాంటి సంసారాలకే వెనకటి తేదీ నుంచి చెల్లుబాటు ఇచ్చింది, ఇప్పుడు కూడా అలాగే ఒక బిల్లు పెట్టండి, ఇప్పటికే కలిసి బతుకుతున్నవాళ్లు కలిసిన రోజు నుంచీ చెల్లేలా రాయండి అని అడిగాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా రాస్తాను.